నీళ్ళగిన్నె పక్కనే ఎండిపోయిన ఉడుములు

ఉడుము అనగానే మనకి ముందు గుర్తొచ్చేది దాని పట్టు. ఉడుము నడుముకి తాడు కట్టి కోటగోడ మీదకి విసిరి, ఆ తాడు పట్టుకుని తానాజీ మనుషులు సింహగడ్ ఎక్కారన్న కథ చిన్నప్పుడే వినేశాం. కథలో నిజమెంతో గానీ, ఆ జంతువు గురించి మన ఊహ మాత్రం అందులో ఉంది: మొండి ఘటం, ఎండకి బెదరదు, రాతిని పట్టుకుంటే వదలదు. అలాంటిది ఒక అద్దాల పెట్టెలో, ముక్కు ముందు నిండు నీళ్ళగిన్నె పెట్టుకుని, నెలల తరబడి లోపల్లోపల ఎండిపోయి చచ్చిపోతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ బందీగా బతికిన ఉడుముల చరిత్రలో పదేపదే జరిగింది ఇదే. చచ్చాక పశువైద్యులు కోసి చూస్తే మూత్రపిండాల్లోనూ, ఒక్కోసారి గుండె చుట్టూ ఉండే పొరమీదా సున్నం చల్లినట్టు తెల్లటి పూత. మనుషులకి కాలి బొటనవేలి దగ్గర మొదలయ్యే గౌట్ జబ్బే ఇది కూడా. వాటికి ఒంటి లోపలంతా వస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మన దేశంలో కనిపించే ఉడుములన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పట్టుకోవడం, పెంచుకోవడం నేరం. కాబట్టి ఇది పెంపకపు పాఠం కాదు. ఇక్కడ చెప్పే సంగతులన్నీ లండన్, న్యూయార్క్, ఘనా, ఆస్ట్రేలియాల్లో జరిగినవి. ఉడుముకి నీళ్ళంటే ఏమిటో మనిషికి అర్థం కావడానికి ఎందుకంత కాలం పట్టింది అన్నదే నా ఆసక్తి.

మొదలుపెట్టాల్సింది ఉడుముతో కాదు, ఒక సీసాతో. 1829 ప్రాంతంలో నథానియేల్ వార్డ్ అనే లండన్ డాక్టరు, సీతాకోకలాంటి ఒక పురుగు గూడు విచ్చుకోవడం చూద్దామని దాన్ని తడిమట్టితో సహా సీసాలో పెట్టి మూతపెట్టాడు. మట్టిలోంచి ఆవిరి లేచి, గాజుకి పట్టి, మళ్ళీ చుక్కలై మట్టిలోకి జారేది. పురుగు సంగతేమో గానీ, ఆ మట్టిలోంచి చిన్న ఫెర్న్ మొక్క మొలిచింది. బొగ్గుపొగ నిండిన లండన్ గాలిలో వార్డ్ ఎంత తంటాలుపడినా బతకని మొక్క, మూతపెట్టిన సీసాలో హాయిగా పెరిగింది. ఆ తర్వాత వచ్చిన గాజుపెట్టెలకి వార్డ్ పేరే పెట్టారు. వాటిలోనే చైనా టీ మొక్కలు హిమాలయాలదాకా ప్రయాణం చేశాయి. ఇవాళ బల్లుల్నీ, పాముల్నీ పెట్టే టెరేరియం ఆ పెట్టెకి మనవరాలే. ఇందులో వింతేమిటంటే, వార్డ్ పెట్టె గొప్పదనమంతా లోపలి తేమని బయటకి పోనివ్వకపోవడంలో ఉంది. తర్వాతివాళ్ళు పెట్టెని తీసుకున్నారు, మూత తీసేశారు. దాని స్థానంలో ఇనుప జాలీ బిగించి, పైన దీపం వేలాడదీశారు. ఎందుకు తీశారో తెలియాలంటే వేడి కథలోకి వెళ్ళాలి.

లండన్ జూ 1849లో సరీసృపాల కోసం విడిగా ఒక ఇల్లు తెరిచింది. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. వేడిదేశాల జంతువుల్ని చలిదేశంలో బతికించడమే అక్కడి సమస్య. దాంతో అందరి బుర్రా ఒకేచోట ఇరుక్కుంది: వేడి, వేడి, వేడి. చలికి చచ్చిన పాము ఎందుకు చచ్చిందో కళ్ళకి కనబడుతుంది. పొడిగాలికి ఎనిమిది నెలల మీద చచ్చిన బల్లి ఎందుకు చచ్చిందో కనబడదు.

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన మనిషి జోన్ బోషాం ప్రోక్టర్. 1897లో పుట్టింది. చిన్నప్పట్నించీ పేగుల జబ్బు. స్కూల్లో ఉండగా ఒక మొసలిపిల్లని పెంచి, దాన్ని ఓసారి లెక్కల క్లాసుకి పట్టుకెళ్ళింది. ఆరోగ్యం బాగోక కేంబ్రిడ్జ్ చదువు కుదరలేదు. బ్రిటిష్ మ్యూజియంలో సరీసృపాల విభాగం చూసే బౌలెంజర్ దగ్గర సహాయకురాలిగా చేరి, పని అక్కడే నేర్చుకుంది. 1923లో లండన్ జూలో సరీసృపాల క్యూరేటర్ అయింది. కొత్త సరీసృప గృహానికి ఆలోచనంతా ఆవిడదే. 1927లో అది తెరుచుకుంది. జనం నడిచే దారి చీకటిగా, జంతువులుండే గదులు మాత్రం వెలుగుతూ ఉంటాయి. గది మొత్తాన్ని ఒకేలా వేడెక్కించకుండా, ఒక మూల వేడి రాయి, ఇంకో మూల చల్లటి చోటు. ఎక్కడ ఉండాలో జంతువే తేల్చుకుంటుంది. అతినీలలోహిత కిరణాల్ని ఆపని ప్రత్యేకమైన గాజు కూడా వాడారు. ఇవాళ చిన్న జూలో చూసినా ఈ ఏర్పాట్లలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

ఆ ఏడాదే రెండు కొమోడో డ్రాగన్లు లండన్ చేరాయి. కొమోడో ఉడుముని శాస్త్రప్రపంచం గుర్తించి అప్పటికి పదిహేనేళ్ళే. జావాలోని బోయిటెన్‌జోర్గ్ మ్యూజియం అధికారి పీటర్ ఔవెన్స్ 1912లో దాని గురించి రాశాడు. 1926లో డగ్లస్ బర్డెన్ అనే అమెరికన్ కొమోడో దీవికి వెళ్ళి కొన్నింటిని చంపి, రెండింటిని ప్రాణాలతో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూకి పంపించాడు. అవి ఎక్కువ కాలం బతకలేదు. ఆ యాత్ర మాత్రం బతికింది. మనుషులు తిరగని దీవి, అక్కడ ఒక రాక్షస జంతువు, దాన్ని నగరానికి తెస్తే అది నగరంలో చచ్చిపోవడం అన్న ఊహ 'కింగ్‌కాంగ్' సినిమాకి బీజాల్లో ఒకటైంది. సినిమాలో విమానాలొచ్చి చంపుతాయి. బోనుల్లో చావులు అంత సందడిగా ఉండవు.

లండన్ డ్రాగన్ల కథ వేరు. ఒకదాని పేరు సుంబావా. 1928 అక్టోబరులో జువలాజికల్ సొసైటీ సమావేశానికి ప్రోక్టర్ దాన్ని బతికుండగానే తీసుకొచ్చింది. ప్రపంచమంతా నరమాంస భక్షకి అన్నట్టు రాస్తున్న జంతువు, ఆవిడ చేతిలోంచి కోడినీ పావురాన్నీ గుడ్లనీ తింది. జూలో అది ఆవిడతో పాటు తిరిగేది. ఆవిడ దాని తోక పట్టుకుని దారి మళ్ళించేది. పెద్ద ఉడుముకి మనిషిని గుర్తుపట్టేంత తెలివుందన్న మాట అప్పట్లో చాలామందికి కొత్త. ప్రోక్టర్ 1931లో, ముప్ఫైనాలుగేళ్ళకే చనిపోయింది. ఆమె కట్టిన ఇల్లు ప్రపంచానికి నేర్పింది ఏమిటని అడిగితే, వేడిని ఒకచోట పోగేసి జంతువుకి ఎంపిక ఇవ్వడం, వెలుతురు. తేమని కూడా అలాగే ఒకచోట పోగేసి, ఎంచుకునే వీలివ్వచ్చు అన్న ఆలోచన ఇళ్ళల్లో పెంచేవాళ్ళదాకా రావడానికి ఇంకో డెబ్భై ఏళ్ళు పట్టింది.

ఈలోగా వేడి శాస్త్రం ఇంకా బలపడింది. 1944లో కౌల్స్, బోగర్ట్ అనే ఇద్దరు అమెరికన్లు ఎడారి సరీసృపాల మీద ఒక పరిశోధన అచ్చువేశారు. చల్లని రక్తం అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఈ జంతువులు ఎండలోకీ నీడలోకీ మారుతూ ఒంటి వేడిని చాలా కచ్చితంగా సరిచూసుకుంటాయని చూపించిన పని అది. మంచి పనే. దాని సారం కాలక్రమంలో పెంపుడు జంతువుల షాపుదాకా దిగేసరికి ఒక బల్బుగా మిగిలింది. అద్దాల పెట్టె, పైన జాలీ, జాలీ మీద బల్బు. ఇప్పుడు ఆ పెట్టెలో గాలి ఏం చేస్తుందో ఊహించండి. వేడెక్కిన గాలి తేమని మోసుకుని పైకి, జాలీలోంచి బయటకి పోతుంది. దాని చోటులోకి గదిలోని పొడిగాలి దిగుతుంది. అదీ వేడెక్కి పైకి పోతుంది. వార్డ్ మూసిపెట్టిన పెట్టె కాస్తా పొగగొట్టం అయింది. చలికాలంలో హీటర్లు నడిచే అమెరికా ఇళ్ళల్లో గది గాలే పొడిగా ఉంటుంది, ఇక పెట్టె సంగతి చెప్పక్కర్లేదు. అడుగున పరిచేది ఇసుకో, చెక్క తురుమో, పాత న్యూస్‌పేపరో. శుభ్రంగా ఉంటుంది. తడి ఉంటే బూజు పడుతుందని భయం.

దీన్ని ఎవరూ తప్పనుకోకపోవడానికి కారణం ఒక పాత నమ్మకం. పొలుసుల చర్మం ప్లాస్టిక్ కవర్ లాంటిది, అందులోంచి నీరు బయటకి పోదు, అందుకే పాములూ బల్లులూ ఎడారుల్ని గెలిచాయి అని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. 1966లో బెంట్లీ, ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్తలు రకరకాల సరీసృపాల్ని తీసుకుని, ఒంట్లోంచి పోయే నీటిలో ఊపిరితో పోయేదెంత, చర్మంలోంచి పోయేదెంత అని విడదీసి కొలిచారు. ఎడారి జాతులు మిగతావాటికన్నా చాలా పొదుపు, నిజమే. కానీ ఎక్కువ భాగం పోతున్నది చర్మంలోంచే. ఎడారి బల్లిలో కూడా. అంటే చుట్టూ ఉన్న గాలి ఎంత పొడిగా ఉంటే, జంతువు కదలకుండా పడుకున్నా సరే, అంత ఎండుతుంది.

నిజానికి ఉడుము చర్మానికీ తేమకీ ఉన్న చుట్టరికం మన కచేరీ వేదికలకి ఎప్పట్నించో తెలుసు. కంజీర వాయించేవాళ్ళు మొదలుపెట్టేముందు చర్మం లోపలివైపు కాస్త నీళ్ళు అద్దుతారు చూశారా? ఆ చర్మం సంప్రదాయంగా ఉడుముది. తడిస్తే కాస్త వదులై శ్రుతి దిగుతుంది, ఆ మంద్రం వస్తుంది. కచేరీ మధ్యలో ఆరిపోతే శ్రుతి ఎక్కిపోతుంది, మళ్ళీ తడపాలి. (చట్టం వచ్చాక మేకచర్మంతో, సింథటిక్ తోళ్ళతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. రావాల్సిందే.) బతికున్న చర్మం, ఆరబెట్టిన తోలు ఒకటి కాదని నాకూ తెలుసు. అయినా గాలిలో తడికి అంతలా స్పందించే వస్తువుని ప్లాస్టిక్ కవర్ అనుకోవడం మాత్రం విడ్డూరం.

ఇక మూత్రపిండాల సంగతి. మనం ఒంట్లోని నత్రజని చెత్తని యూరియాగా మార్చి, బోలెడు నీళ్ళలో కలిపి పారబోస్తాం. బల్లులు, పక్షులు అలా చేయవు. యూరిక్ ఆమ్లంగా మార్చి, తెల్లటి ముద్దలాగా వదుల్తాయి. గోడమీది బల్లి రెట్టలో నల్లటి దాని చివర తెల్లటి చుక్క ఉంటుందే, అదే. నీళ్ళు బాగా మిగులుతాయి. మెలిక ఎక్కడుందంటే, ముద్దగా మారేలోపు ఆ పదార్థం మూత్రపిండాల సన్నటి గొట్టాల్ని దాటాలి. దాటించడానికి నీళ్ళే కావాలి. ఒంట్లో నీరు తగ్గితే అది దారిలోనే గడ్డకట్టి గొట్టాలు పూడుస్తుంది, రక్తంలో పేరుకుంటుంది, చివరికి ఎక్కడ పడితే అక్కడ స్ఫటికాలై దిగుతుంది. మాంసం ఎక్కువగా తినే జంతువుకి ఈ చెత్త కూడా ఎక్కువే. అందుకని ఒక పక్క ఎలకల మీద ఎలకలు పెట్టి బలిపించి, ఇంకో పక్క పొడిపెట్టెలో ఉంచడం రెండువైపులా కాల్చడమే. బయటకి కనబడే గుర్తులు చాలా ఆలస్యంగా వస్తాయి: కళ్ళు లోపలికి పోవడం, పక్కల్లో చర్మం మడతలు పడటం, కుబుసం వేళ్ళ చివర్లలో ఇరుక్కుపోవడం, మెత్తగా తెల్లగా ఉండాల్సిన ముద్ద పసుపుపచ్చగా గట్టిపడటం. అప్పటికి సగం కథ అయిపోయి ఉంటుంది.

ఈ పొడిపెట్టెలకి ఎక్కువగా బలైంది పడమటి ఆఫ్రికా సవానా ఉడుము. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి పిల్లలుగా ఎగుమతి అవుతుంది. చౌక, అరచేతిలో ఇమిడిపోతుంది, ముద్దుగా కనబడుతుంది. దాని పేరే దాని కొంప ముంచిందని నాకనిపిస్తుంది. సవానా అనగానే కొన్నవాడి కళ్ళముందు ఎండిన గడ్డి, బీటలు తీసిన నేల, సింహాల డాక్యుమెంటరీ. ఇసుక పోశాడు, బల్బు వేశాడు, గిన్నెలో నీళ్ళు పెట్టాడు. బాధ్యత తీరిందనుకున్నాడు. 1990ల్లో డేనియల్ బెన్నెట్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఘనా తీరమైదానంలో ఈ ఉడుముల్ని వెతుక్కుంటూ తిరిగాడు. ఆయనకి పిల్లలు దొరికింది బీడునేలల్లో కాదు, పంటచేలల్లో. వానలు పడ్డాక, పెద్దపెద్ద కీచురాళ్ళు తవ్విన బొరియల్లో. ఇల్లూ ఆ కీచురాయిదే, తిండీ ఆ కీచురాయే. ఎండలో కనబడేది దాని జీవితంలో చిన్న ముక్క. మిగతాదంతా నేల కింద, చీకట్లో, తడిమట్టి ఆవిరిలో.

నీళ్ళగిన్నె ఎందుకు చాల్లేదో అప్పుడు అర్థమైంది. ఉడుము నీళ్ళు తాగదని కాదు, శుభ్రంగా తాగుతుంది. ఒంట్లో నీళ్ళు నిలవాలంటే అది సరిపోదు. అడవి ఉడుముకి నీరు ప్రధానంగా తిండిలోంచి వస్తుంది. వచ్చిన నీటిని కాపాడేది బొరియ. పైన ఎండ ఎంత కాసినా, గజం లోతున గాలి దాదాపు తేమతో నిండే ఉంటుంది. అక్కడ పడుకున్న ఉడుము చర్మంలోంచి పోయేది చాలా తక్కువ. పగలు కాసేపు బయటకొచ్చి ఒళ్ళు కాల్చుకుని, వేటాడి, మళ్ళీ తేమలోకి దిగడం. ప్రోక్టర్ వేడికి చేసిన ఏర్పాటే ఇది, నేల నీటికి చేసింది. పెట్టెలోని ఉడుముకి సగమే ఇచ్చారు, కాలే సగం.

ఈ మాట పెంపకందారులకి ఎక్కడానికి బెన్నెట్ 2003లో మరొకరితో కలిసి సవానా ఉడుము మీద ఏకంగా పుస్తకమే వేయాల్సొచ్చింది. అమెరికాలో కొందరు పెంపకందారులు అప్పటికే సొంతంగా అదే దారిలో పడ్డారు. జాలీ తీసి చెక్కతో మూశారు. పెట్టె అడుగున అంగుళం ఇసుక బదులు రెండడుగుల మట్టి నింపారు, బొరియ తవ్వితే కూలకుండా నిలబడేంత తడితో. ఎండకాచే చోట నేల వేడి యాభై అరవై డిగ్రీలదాకా పెంచారు, మట్టిలో మాత్రం చల్లగా తేమగా ఉంచారు. అంత వేడా అని పాతవాళ్ళు బెంబేలెత్తారు. కానీ పారిపోవడానికి తడి బొరియ ఉన్న ఉడుముకి ఆ వేడి హాని చేయలేదు. పెట్టెల్లో గుడ్లు పెట్టడం, పిల్లలవడం కూడా జరిగింది. రోజూ తొట్టిలో నానబెట్టడం అనే అలవాటు ఇప్పటికీ కొందరికి ఉంది. నానబెట్టినప్పుడు అది నాలుగు గుక్కలు తాగితే మంచిదే. మిగతా ఇరవైమూడు గంటలూ పొగగొట్టంలోనే ఉంచి, ఆ ఒక్క గంటనీ చూసి తృప్తిపడటం నాకు మాత్రం మింగుడుపడదు.

ఇక్కడ డబ్బు సంగతి దాటేసి పోలేం. రెండడుగుల తడిమట్టి మోయాలంటే గట్టి పెట్టె కావాలి. పెరిగిన సవానా ఉడుముకి ఆ పెట్టె చిన్న గదంత ఉండాలి. ఉడుము ఖరీదుకి అది ఎన్నో రెట్లు. చౌకగా అమ్ముడయ్యే జంతువు వెనకాల ఈ లెక్క ఎవరూ చెప్పరు. ఒకటి చస్తే ఇంకోటి దొరుకుతుంది, అంతే. మన దగ్గర కూడా ఇగువానాలూ విదేశీ బల్లులూ అపార్ట్‌మెంట్లలోకి వచ్చేశాయి. అంతర్జాతీయ ఒప్పందం కిందకి వచ్చే విదేశీ జంతువుల్ని నమోదు చేయించాలని 2024లో నిబంధనలు వచ్చాయి. కాగితాల మీద జంతువు పేరుంటుంది, పెట్టెలో మట్టి ఎంత లోతుందో ఉండదు.

నేల లోపలికి ఉడుము ఎంత దూరం పోగలదో మాత్రం ఈమధ్యే తెలిసింది. ఉత్తర ఆస్ట్రేలియాలో పసుపు చుక్కల ఉడుము గుడ్లు ఎక్కడ పెడుతుందో చాలాకాలం ఎవరికీ దొరకలేదు. షాన్ డూడీ, ఆయన సహచరులు పట్టువదలకుండా తవ్వుకుంటూ పోయారు. బొరియ కొంతదూరం ఏటవాలుగా వెళ్ళి, తర్వాత మరమేకులాగా మెలికలు తిరుగుతూ నిట్టనిలువునా దిగింది. గుడ్లు మూడు మీటర్లకి అటూఇటూ లోతులో ఉన్నాయి. తల్లి మట్టితో దారి పూడ్చేసి పోతుంది. గుడ్లు పొదగడానికి నెలలు పడతాయి, మధ్యలో వాన చుక్కలేని కాలమంతా ఉంటుంది. ఆ కాలమంతా మట్టి ఆరకుండా ఉండాలంటే అంత లోతుకి పోవాల్సిందేనని ఆ బృందం వివరణ. పిల్లలు పుట్టాక తమ దారి తాము తవ్వుకుంటూ నేరుగా పైకి వస్తాయి. ఏటేటా అక్కడే తవ్వడంతో నేల గుల్లబారి ఉంటుంది. ఆ గుల్లల్లో పరిశోధకులకి పాములూ, వేరే బల్లులూ, వాటితో పాటు ఎండాకాలం గడుపుతూ వందలకొద్దీ కప్పలూ దొరికాయి.